కొయ్యబారిన కాళ్లకు అలల తాకిడి

పుష్యమాసం వచ్చిందంటే ఉట్నూర్ ఏజెన్సీలో నడక మొదలవుతుంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు గోండుల్లోని మెస్రం వంశస్థులు గోదావరి జలం కోసం జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్తారు. అడవి దారుల్లో, వాగుల వెంట, మజిలీలు చేసుకుంటూ రోజుల తరబడి సాగే నడక అది. తెచ్చిన నీళ్లతో పుష్య అమావాస్య నాడు దేవుడికి అభిషేకం జరుగుతుంది. తెలంగాణలో చలి బాగా కరిచేది కూడా అప్పుడే, ఇక్కడే. ఆదిలాబాద్ జిల్లాలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగడం చలికాలంలో మామూలు వార్త.

ఆ చలి అందరి కాళ్లనూ ఒకేలా పట్టదు. ఒక ఇంటిని ఊహించుకుందాం. ముప్ఫై అయిదేళ్ల పత్తి రైతు. పొద్దున మంచం దిగబోతే మోకాళ్లు వంగవు. పాదం నేలకు ఆనగానే పిక్క దానంతటదే టకటకా కొట్టుకుంటుంది. నాలుగడుగులు వేస్తే ఒక మోకాలు ఇంకో మోకాలికి అడ్డం పడుతుంది. ‘కాళ్లు కొయ్యల్లెక్క అయితున్నయ్’ అంటాడు. ఎండ ఎక్కాక కాస్త నయం. చేలో సాళ్ల మధ్య మాత్రం గడ్డి పరక తగిలినా బోర్లా పడతాడు.

అతని చెప్పులు తిప్పి చూస్తే జబ్బు సగం కనిపిస్తుంది. మడమ దగ్గర అవి దాదాపు కొత్తవే. బొటనవేలి కింద మాత్రం రబ్బరు పల్చబడి, ముందు అంచు నేలకు రాసుకుని చీలికలు పేలికలై ఉంటుంది. మామూలు మనిషి ముందు మడమ ఆనించి, తర్వాత వేళ్ల మీదుగా అడుగు లేపుతాడు. ఇతనికి మడమ నేలకు సరిగా ఆనదు, వేళ్లు నేల వదలవు. అదే ఇంటి అరుగు మీద కూర్చున్న తండ్రి చేతిలో కర్ర ఉంటుంది. ‘నాయినకు మోకాళ్ల నొప్పులు’ అని ఊళ్లో అనుకుంటారు. ఆయన నడకా ఇదే నడక అని ఎవరూ పోల్చి చూసి ఉండరు.

ఇలా తల్లి నుంచో తండ్రి నుంచో కొడుక్కో కూతురికో వచ్చి, ఏళ్లు గడిచేకొద్దీ రెండు కాళ్లనూ బిగించేసే జబ్బుకు వైద్యులు పెట్టిన పేరు హెరిడిటరీ స్పాస్టిక్ పారాప్లీజియా. పొట్టిగా హెచ్‌ఎస్‌పీ. 1880లో జర్మన్ వైద్యుడు అడోల్ఫ్ స్ట్రుంపెల్ ఇలాంటి నడక ఉన్న ఇద్దరు అన్నదమ్ముల గురించి రాశాడు. 1898లో ఫ్రాన్స్‌లో మారిస్ లోరెన్ మరింత వివరంగా రాశాడు. అందుకే పాత పుస్తకాల్లో ఇది స్ట్రుంపెల్-లోరెన్ జబ్బు. లక్ష మందిలో ఒకరి నుంచి అయిదుగురి దాకా ఉంటుందని అంచనా. అరుదైన జబ్బే. కానీ ఉన్న ఇంట్లో మాత్రం తరచూ ఒక్కరితో ఆగదు.

కాళ్లే ఎందుకు? చేతులు ఎందుకు బాగుంటాయి? ఈ జబ్బులో అసలు విషయం అక్కడే ఉంది.

మెదడు పైపొరలో కదలికల్ని నడిపించే నాడీకణాలు ఉంటాయి. వాటిలో పెద్దవాటి కణదేహం మిల్లీమీటరులో పదో వంతు. ఆ కణం నుంచి బయల్దేరే తీగను ఆక్సాన్ అంటారు. కాళ్లకు చెందిన ఆక్సాన్ మెదడు నుంచి వెన్నుపాములో నడుము దాకా దిగాలి. పొడగరి మనిషిలో అది దాదాపు మీటరు. అంటే కణం కంటే తీగ పదివేల రెట్లు పొడవు. కణాన్ని పది మీటర్ల ఇల్లు అనుకుంటే, తీగ వంద కిలోమీటర్ల రోడ్డు. ఉట్నూర్ నుంచి ఆదిలాబాద్ పోయి తిరిగి వచ్చేంత దూరం. ఆ రోడ్డు చివర దాకా కావలసిన సరుకంతా ఆ ఒక్క ఇంటి నుంచే వెళ్లాలి. సరుకు మోసే అణువులు మైక్రోట్యూబ్యూల్ అనే సన్నటి పట్టాల మీద నడుస్తాయి. వేగంగా పోయే సరుకు కూడా రోజుకు 40 సెంటీమీటర్లకు మించి పోదు. మెదడులో తయారైన ప్రోటీన్ నడుము దగ్గరికి చేరేసరికి రెండు రోజులు దాటుతుంది.

ఈ పట్టాలను అవసరమైన చోట కత్తిరించి సరిచేసే ప్రోటీన్ ఒకటుంది. పేరు స్పాస్టిన్. దాన్ని తయారుచేసే జన్యువును 1999లో గుర్తించారు. ఒక తరం నుంచి నేరుగా తర్వాతి తరానికి వచ్చే హెచ్‌ఎస్‌పీలో పెద్ద వాటా, దాదాపు నలభై శాతం, ఈ ఒక్క జన్యువులోని తప్పు వల్లే. ఇప్పటికి ఈ జబ్బుతో ముడిపడిన జన్యుస్థానాలు 80కి పైగా దొరికాయి. కొన్ని పట్టాలకు సంబంధించినవి, కొన్ని కణంలో శక్తి తయారీకి, కొన్ని కొవ్వు పదార్థాల వాడకానికి. ఏది చెడినా చివరికి జరిగేది మాత్రం ఒకటే. వానాకాలంలో వాగులు పొంగితే ముందు రాకపోకలు తెగేది కొసన ఉన్న గూడేనికే కదా. రోడ్డు పక్క ఊరికి బియ్యం అందుతాయి, చివరి గూడెం మాత్రం ఎదురు చూస్తుంది. శరీరంలోనూ అంతే. అన్నిటికంటే పొడుగైన తీగలు కొస నుంచి వెనక్కి ఎండుతూ వస్తాయి. అవి కాళ్లవి. చేతులకు వెళ్లే తీగలు మెడ దగ్గరే ఆగిపోతాయి కనుక చాలామందిలో బతికి బట్టకడతాయి.

మరి తీగ ఎండితే కాలు చచ్చుబడాలి గానీ బిగుసుకోవడం ఏమిటి? ఈ ప్రశ్న రోగులు తప్పకుండా అడుగుతారు, అడగాల్సిందే కూడా. వెన్నుపాముకు సొంత తెలివి కొంత ఉంది. కండను ఎవరైనా లాగితే తిరిగి ముడుచుకోమని అది వెంటనే చెబుతుంది. మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగరడం అదే. మెదడు నుంచి వచ్చే తీగల పనిలో సగం ఆజ్ఞ ఇవ్వడమైతే, సగం ఈ ఉలికిపాటును అదుపులో ఉంచడం. ఆ అదుపు పోయిందంటే ప్రతి చిన్న లాగుడుకూ కండ ఎదురు తిరుగుతుంది. ఎంత వేగంగా లాగితే అంత గట్టిగా తిరుగుతుంది. 1980లో ఆస్ట్రేలియా వైద్యుడు జేమ్స్ లాన్స్ ఈ వేగానికీ బిగుతుకూ ఉన్న లంకెనే స్పాస్టిసిటీకి నిర్వచనంగా చెప్పాడు. మెల్లగా వంచితే వంగే మోకాలు, తొందరపడితే కర్రలా నిలుస్తుంది. బస్సు కదులుతోందని పరుగు తీయబోయినప్పుడే ఈ జబ్బు మనిషిని పడేస్తుంది.

ఇది కథలో మొదటి సగం. ఏళ్ల తరబడి బిగిసిన కండ తానే మారిపోతుంది. పొడవు తగ్గుతుంది, పోగుల మధ్య నారలాంటి కొల్లాజెన్ పెరుగుతుంది, పొరల మధ్య జారుడు తగ్గుతుంది. అంటే రైతు పిక్కలో రెండు బిగుతులున్నాయి. నరం వల్ల వచ్చినది ఒకటి, కండలోనే పేరుకున్నది ఇంకొకటి. ఈ రెండో దాన్ని గుర్తు పెట్టుకుంటే, బిగిసిన కండలకు ఇప్పుడు వాడుతున్న షాక్‌వేవ్ అనే చికిత్స ఎక్కడ పనిచేస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది.

‘షాక్’ అనగానే మన జనానికి తట్టేది కరెంటు. ఫిజియోథెరపీకి పోవడాన్ని ఊళ్లలో ‘కరెంటు పెట్టించుకోవడం’ అనే అంటారు. షాక్‌వేవ్‌కు కరెంటు షాక్‌తో సంబంధం లేదు. ఇది శబ్దానికి చుట్టం. పిడుగు పడ్డప్పుడు గుండెకు తగిలే దెబ్బ, దీపావళి బాంబు పక్కన పేలితే చెంపకు తాకే గాలి, ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు కిటికీ రెక్కలు దడదడలాడటం, ఇవన్నీ ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి అలగా పరిగెత్తడం వల్ల కలిగేవే. వైద్యంలో వాడే నిఖార్సైన షాక్‌వేవ్‌లో ఒత్తిడి సెకనులో వంద కోట్లో వంతులతో కొలిచేంత తక్కువ కాలంలో శిఖరానికి చేరుతుంది. ఆ వెంటనే లాగుతున్నట్టు కిందికి పడుతుంది. అంతా కలిపి సెకనులో లక్షో వంతు లోపే.

దీన్ని వైద్యానికి తెచ్చింది విమానాల కంపెనీ. జర్మనీలోని డోర్నియర్ సంస్థ ఇంజినీర్లు, శబ్దాన్ని మించిన వేగంతో పోయే విమానాల మీద వాన చినుకులు తగిలితే లోహానికి ఏమవుతుందని పరిశోధిస్తూ ఈ అలల్ని గమనించారు. నీళ్లలోంచి, మెత్తటి కండలోంచి అల హాయిగా దాటిపోతుంది. గట్టి వస్తువు తగిలినచోట తన శక్తిని దింపుతుంది. అయితే కిడ్నీలో రాయి కూడా గట్టిదే కదా! 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో క్రిస్టియన్ షౌసీ బృందం మొదటిసారి ఒక మనిషి కిడ్నీలోని రాళ్లను కోత లేకుండా ఈ అలలతో పగలగొట్టింది. లాన్స్ స్పాస్టిసిటీకి నిర్వచనం చెప్పిన ఏడాదే ఇది. ఈ రెండూ ఒకరోజు కలుస్తాయని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు.

ఈ విద్యలో తెలుగు నేల వెనకబడలేదు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు పాంక్రియాస్‌లో పెద్ద రాళ్లున్న వెయ్యిమందికి పైగా రోగులకు షాక్‌వేవ్‌తో రాళ్లు పగలగొట్టిన అనుభవాన్ని 2010లో ప్రచురించారు. ప్రపంచంలో ఒకే ఆసుపత్రి నుంచి అంత పెద్ద లెక్క రావడం అరుదు. అప్పటికి అలల బలాన్ని బాగా తగ్గించి ఎముకలకు, కీళ్లకు, మడమ నొప్పికి వాడటం కూడా మొదలైంది. 2000 సంవత్సరంలోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మడమ నొప్పికి ఒక షాక్‌వేవ్ యంత్రాన్ని అనుమతించింది.

బిగిసిన కండల మీద దీని గట్టి పరీక్ష ఇటలీలోని వెరోనాలో జరిగింది. మంగనోట్టి, అమేలియో అనే వైద్యులు పక్షవాతంతో చేయి ముడుచుకుపోయిన 20 మందిని తీసుకున్నారు. ముందు యంత్రం పెట్టినట్టే పెట్టి అలలు పంపలేదు. బిగుతు తగ్గలేదు. తర్వాత నిజంగా అలలు పంపారు. ముంజేయి కండలకు 1,500 దెబ్బలు, అరచేతిలోని చిన్న కండలకు 3,200. ఒక్కసారే. మణికట్టు బిగుతు నాలుగు వారాల దాకా, వేళ్ల బిగుతు కొందరిలో పన్నెండు వారాల దాకా తగ్గి ఉంది. 2005లో ఇది స్ట్రోక్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ ఇద్దరే తర్వాత పుట్టుకతో మెదడు దెబ్బతిన్న (సెరిబ్రల్ పాల్సీ) పిల్లల పిక్కల మీదా ప్రయోగించి 2010లో ఫలితాలు చెప్పారు. ఆ తర్వాత పక్షవాతం మీద, సెరిబ్రల్ పాల్సీ మీద, మల్టిపుల్ స్క్లెరోసిస్ మీద చాలా దేశాల నుంచి అధ్యయనాలు వచ్చాయి.

ఎలా పనిచేస్తుంది? ముందుగా ఒక సంగతి. పరిశోధకులు అలలు పంపక ముందు, పంపిన తర్వాత వెన్నుపాము ఉలికిపాటును విద్యుత్తు పరీక్షలతో కొలిచి చూశారు. కండ మెత్తబడింది గానీ ఆ ఉలికిపాటులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అంటే అల పనిచేసేది తీగ మీద కాదు, కండ మీద. కదిలించకుండా ఉంచితే గట్టిపడి, కలిపితే పల్చబడే పదార్థాలుంటాయి. పేరుకున్న పెరుగును గరిటెతో తిప్పితే జారుగా అవుతుంది చూడండి, అలాంటి మార్పే బిగిసిన కండ పొరల మధ్య వస్తుందని ఒక వివరణ. నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న అణువు విడుదలై రక్తనాళాలు విప్పారతాయని మరొకటి. నరం వచ్చి కండను తాకే చోట సందేశం కొంతకాలం బలహీనపడుతుందని ఎలుకల మీద చూసినవారు చెప్పేది ఇంకొకటి. ఇవన్నీ కొంచెం కొంచెం నిజం కావచ్చు.

చికిత్స గదిలోకి వెళ్దాం. మనిషి బల్ల మీద బోర్లా పడుకుంటాడు. పాదాలు బల్ల అంచు దాటి గాలిలో వేలాడతాయి. ఫిజియోథెరపిస్ట్ పిక్క మీద చల్లటి జెల్ రాస్తాడు. అది సొగసు కోసం కాదు. యంత్రపు మూతికీ చర్మానికీ నడుమ వెంట్రుకంత గాలి ఉన్నా అల అక్కడే తిరగబడుతుంది. ఊపిరితిత్తుల మీద ఈ యంత్రాన్ని పెట్టకూడదనేదీ ఇందుకే. తర్వాత కుట్టుమిషన్ లాంటి చప్పుడు, టకటకటకటక. సెకనుకు అయిదు దెబ్బల చొప్పున రెండువేల దెబ్బలంటే ఆరు నిమిషాల నలభై సెకన్లు. మూతిని పిక్క పైనుంచి మడమ వెనక తాడులా తగిలే అకిలిస్ టెండన్ దగ్గరి దాకా మెల్లగా జరుపుతారు. ‘నొస్తే చెప్పు కాకా, తగ్గిస్త’ అంటాడు. నొప్పి భరించలేనంత ఉండదు. చర్మం ఎర్రబడొచ్చు, చిన్న రక్తపు చుక్కలు కనిపించొచ్చు, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. సాధారణంగా వారానికోసారి చొప్పున మూడు నుంచి అయిదు సార్లు చేస్తారు.

ఇక్కడ ఒక తేడా తెలియాలి. మన పట్టణాల్లోని ఫిజియోథెరపీ కేంద్రాల్లో ఎక్కువగా కనిపించేది రేడియల్ యంత్రం. దాని లోపల కంప్రెసర్ గాలి ఒక చిన్న లోహపు గుండును ముందుకు తోసి మూతికి కొట్టిస్తుంది. ఆ దెబ్బ చర్మం దగ్గర బలంగా ఉండి లోపలికి పోయేకొద్దీ పల్చబడుతుంది. భౌతికశాస్త్రం ప్రకారం అది షాక్‌వేవ్ కాదు, ఒత్తిడి అల. ఫోకస్డ్ యంత్రం వేరు. అది అల శక్తిని లోపల ఒక బిందువు దగ్గర కూడదీస్తుంది, ఖరీదూ ఎక్కువ. పిక్కలాంటి పైపై కండకు రేడియల్‌తోనూ ఫలితాలు వచ్చాయి. కిడ్నీ రాళ్లు పగలగొట్టే యంత్రం మాత్రం ఈ రెండింటి కంటే ఎన్నో రెట్లు బలమైనది. ఆ పేరు విని భయపడాల్సిన పని లేదు.

గర్భిణులకు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారికి, రక్తస్రావ జబ్బులున్నవారికి, ఆ చోట గడ్డలు ఉన్నవారికి దీన్ని వాడరు. ఏజెన్సీలో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇక మన పత్తి రైతు సంగతి. పక్షవాతం మీద, పిల్లల మీద వచ్చిన ఫలితాలు అతనికీ వర్తిస్తాయా? కండ గట్టిపడే తీరు ఒకటే కనుక బిగుతు కొన్ని వారాలు తగ్గుతుందని ఆశించడం తప్పు కాదు. అయితే హెచ్‌ఎస్‌పీ ఒక్కదాని మీదే షాక్‌వేవ్‌తో జరిగిన పని చాలా తక్కువ. అందుకే ఇదే జబ్బులో మరో చికిత్స నేర్పిన పాఠం చూడాలి. బొటాక్స్ సూది కూడా కండను కొన్ని నెలలు వదులు చేస్తుంది. బ్రెజిల్‌లోని కాంపినాస్ విశ్వవిద్యాలయం వైద్యులు 55 మంది హెచ్‌ఎస్‌పీ రోగుల మీద బొటాక్స్‌నూ ఉత్త సూదినీ పోల్చి 2021లో ఫలితాలు ప్రకటించారు. తొడల బిగుతు తగ్గింది. నడక వేగం మాత్రం పెరగలేదు. నెదర్లాండ్స్‌లో 2015లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో 15 మందికి పిక్కల్లో బొటాక్స్ ఇచ్చి, ఆ వెంట రోజూ కండ సాగదీసే వ్యాయామం చేయించారు. నడక వేగం కొంత పెరిగింది, ఆ లాభం నెలల తరబడి నిలిచింది. పోల్చడానికి వేరే గుంపు లేని అధ్యయనం అది, దాన్ని తుదితీర్పుగా తీసుకోలేం. అయినా పెద్ద పరీక్షలో దొరకనిది చిన్నదానిలో ఎందుకు దొరికి ఉంటుందని ఆలోచిస్తే, చూపు ఆ వ్యాయామం మీదికే పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. బిగుతు శత్రువే, కానీ కొందరికి అదే ఊతకర్ర. తొడలో బలం సన్నగిల్లిన మనిషి ఆ బిగుతు ఆసరాతోనే నిలబడుతూ ఉండొచ్చు. దాన్ని ఒక్కసారిగా తీసేస్తే మోకాలు మడతపడి కూలబడతాడు. అందుకే మంచి ఫిజియోథెరపిస్ట్ యంత్రం ముట్టుకునే ముందు బలం ఎంత, బిగుతు ఎంత అని వేరువేరుగా చూస్తాడు. బిగుతుకు యాష్‌వర్త్ కొలమానంలో సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేస్తాడు. చీలమండ దగ్గర పాదం ఎన్ని డిగ్రీలు పైకి వంగుతుందో కోణమానినితో కొలుస్తాడు. పది మీటర్లు గీత గీసి ఎన్ని సెకన్లలో నడుస్తాడో గడియారంతో చూస్తాడు. చివరిది ఇంట్లోనూ చేయొచ్చు. వాకిట్లో పది మీటర్లు కొలిచి, ఫోనులో వీడియో తీసి, వారం వారం తేదీతో దాచుకుంటే చాలు. చికిత్సకు డబ్బు పెట్టిన కుటుంబానికి అంతకంటే నమ్మకమైన సాక్ష్యం ఉండదు. మూడు నాలుగు సార్లు చేయించాక కూడా ఆ సెకన్లు మారకపోతే, రోజువారీ పనిలో సులువు కనిపించకపోతే, ఆపేయమని అడిగే హక్కు రోగికి ఉంది.

షాక్‌వేవ్ ఇచ్చేది గడువు మాత్రమే. నాలుగు వారాలో, ఎనిమిదో, పన్నెండో. తీగ ఎండటం ఆగదు. జన్యువు మారదు. ఆ గడువులో కండను రోజూ సాగదీస్తే పొడవు నిలుస్తుంది, మడమ నేలను తాకుతుంది, తొడల్లో బలం పెంచుకునే వీలు చిక్కుతుంది. చేయకపోతే పిక్క మళ్లీ మొదటికొస్తుంది. గోడకు రెండు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా అరనిమిషం ఆగడం, అలా రోజుకు పదిసార్లు. చలికాలంలో ముందు గోరువెచ్చటి నీళ్లతో కాపడం. అవసరమైతే పాదం కిందికి జారకుండా పట్టుకునే ప్లాస్టిక్ పట్టీ. చేలోకి చేతికర్ర. కూర్చుని లేవలేని మనిషికి కుర్చీ మరుగుదొడ్డి. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ లాంటి మాత్రలు డాక్టరు చెప్పినంతే వాడాలి, ఉన్నట్టుండి ఆపకూడదు. వీటి పక్కన యంత్రం ఒక తోడు.

ఉట్నూర్ నుంచి చూస్తే ఇక్కడే దూరం అడ్డం వస్తుంది. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఆసుపత్రి ఉంది. పెద్ద జబ్బంటే జిల్లా జనం హైదరాబాద్‌కో, అంతకంటే దగ్గరైన నాగపూర్‌కో పోతారు. వారానికోసారి ఏడు నిమిషాలైనా పట్టని చికిత్స కోసం పత్తి ఏరే రోజుల్లో కూలి పోగొట్టుకుని, బస్సులు మారి, కాళ్లు ముడుచుకుని గంటల తరబడి కూర్చుంటే దిగేసరికి పిక్క మళ్లీ రాయి అవుతుంది. వ్యాయామం నేర్పే మనిషి దగ్గర్లో ఉంటే ఇంటి అరుగు మీదే సగం చికిత్స జరుగుతుంది. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న బడిపిల్లలకు ఫిజియోథెరపీ చేయిస్తున్నారు. పెద్దవాళ్లకూ అలాంటి ఏర్పాటు సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో కావాలి. ఏజెన్సీకి ఒక షాక్‌వేవ్ యంత్రమా, ఒక ఫిజియోథెరపిస్టా అని ఎంచుకోవాల్సి వస్తే, ముందు రావలసింది మనిషే.

అయితే వీటన్నిటికంటే ముందు జబ్బు ఏదో తేలాలి. కాళ్లు బిగుసుకున్న ప్రతివాడికీ హెచ్‌ఎస్‌పీ ఉండదు. వెన్నెముకకు పట్టిన క్షయ ఇలాగే కాళ్లను బిగిస్తుంది, అది మందులతో నయమయ్యేది. మెడలో డిస్క్ ఒత్తిడి, బి12 లోపం, వెన్నులో గడ్డ కూడా ఇలాగే మొదలవుతాయి. తెలుగు నేలకు ఇందులో ఒక చేదు చరిత్రే ఉంది. నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను గట్టిపరచి వెన్నుపామును నొక్కి కాళ్లు చచ్చుబడేలా చేస్తుందని 1937లో షార్ట్, ఆయన తోటి వైద్యులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతం రోగుల్ని చూసి రాశారు. తర్వాత హైదరాబాద్‌లో న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఆ నరాల దెబ్బ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వీటిని వదిలేసి పిక్క మీద యంత్రం పెడితే రోగికి అన్యాయం చేసినట్టే. వెన్నుపాముకు ఎమ్మారై, రక్తపరీక్షలు, నరాల డాక్టరు చూపు, ఇవి ముందు. పాదం అడుగున తాళంచెవితో గీస్తే బొటనవేలు పైకి లేవడం లాంటి, మెదడు నుంచి వచ్చే తీగల దెబ్బను పట్టిచ్చే చిన్న గుర్తును ఫ్రాన్స్ వైద్యుడు బాబిన్‌స్కీ 1896లోనే చెప్పాడు. అది చూడటానికి యంత్రం అక్కర్లేదు.

వంశంలో ఉందని తేలితే తర్వాతి ప్రశ్న పిల్లల గురించి. ఈ లెక్క ఏజెన్సీకి కొత్త కాదు. సికిల్ సెల్ పరీక్షలు జరిగి, ఎవరి రక్తంలో ఏముందో చెప్పే కార్డులు ఇళ్లకు చేరుతున్న ప్రాంతమిది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఆ పనిని ఇంకా పెంచింది. తల్లి దగ్గర ఒక తప్పు ప్రతి, తండ్రి దగ్గర ఒక తప్పు ప్రతి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతని ఆరోగ్య కార్యకర్తలు చెప్పగా విన్నవారు చాలామందే. హెచ్‌ఎస్‌పీలో కొన్ని రకాలు అచ్చం అలాంటివే. మేనరికాలు ఎక్కువ ఉన్నచోట అవి ఎక్కువగా బయటపడతాయి. స్పాస్టిన్ లాంటి రకాలు వేరు. ఒక్క తప్పు ప్రతి చాలు, ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. ఒకే ఇంట్లో ఒకరికి పదేళ్లకే మొదలై ఇంకొకరికి యాభై దాటాక కనిపించవచ్చు. తాత పెద్ద వయసులో కర్ర పట్టాడు కనుక మనవడి జబ్బు వేరే అనుకోవడం పొరపాటు.

దీన్ని తేల్చే జన్యు పరీక్షలకు, సలహాకు హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన కేంద్రం ఉన్నాయి. 2021 నాటి జాతీయ అరుదైన జబ్బుల విధానం కింద ఈ రెండింటినీ కలిపి ఒక ఉన్నత కేంద్రంగా గుర్తించారు. పరీక్ష చేయించుకున్నంత మాత్రాన జబ్బు పోదు. కానీ దారి తెలుస్తుంది, అక్కర్లేని మందులూ ఆపరేషన్లూ తప్పుతాయి, వైకల్య ధ్రువపత్రం అడగడానికి చేతిలో కాగితం ఉంటుంది.

కనుక ఇంట్లో ఇద్దరి నడక ఒకేలా ఉందనిపిస్తే, చిన్నవాణ్ని ఒక్కణ్నే పంపకండి. తండ్రినో, మేనత్తనో, ఆ నడక ఉన్న పెద్దవాళ్లను కూడా అదే రోజు, అదే బస్సులో తీసుకెళ్లండి. ఇద్దరినీ పక్కపక్కన నడిపించి చూడమని డాక్టరును అడగండి. అరిగిన చెప్పులు మార్చకుండా అవే వేసుకుని వెళ్లండి.